‘జర నల్లగ చేసి ఇయ్యి’: ఒక జోడు గొట్టాల తుపాకితో నాలుగు నెలలు

2023 జూన్‌లో ఒక మధ్యాహ్నం. కోరుట్ల దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన ఖాకీ గుడ్డ సంచి భుజాన వేసుకుని మా షాపు మెట్లెక్కాడు. వెంట మనవడు. సంచి బల్ల మీద పెట్టి, కండువాతో నుదురు తుడుచుకుని, "ఏం లేదు బిడ్డా, చిన్న పనే. రంగు పోయింది, జర నల్లగ చేసి ఇయ్యి. రెండు దినాలల్ల ఐతదా?" అన్నాడు.

పాతికేళ్లుగా లైసెన్సున్న ఒక షాపులో తుపాకులు బాగుచేస్తున్నాను. "చిన్న పనే" అన్న మాట వింటే ఇప్పటికీ నాకు గుండెలో రాయి పడుతుంది. పెద్ద పనని తెచ్చేవాళ్లతో పేచీ లేదు. వాళ్లకి డబ్బవుతుందని తెలుసు, రోజులు పడతాయని తెలుసు. చిన్న పనని తెచ్చేవాళ్లే మన ప్రాణం తీస్తారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్లకి కనిపించేది పైన ఉన్న రంగే కదా.

హైదరాబాద్‌లో మా షాపుకి గన్‌ఫౌండ్రీ నడిచిపోయేంత దూరం. 1786లో నిజాం కొలువులోని ఫ్రెంచివాడు రేమండ్ ఫిరంగులు పోయించిన చోటది. మూసారాంబాగ్ పేరు కూడా ఆయనదే అంటారు. ఇప్పుడు అక్కడ బ్యాంకులు, బస్టాపు. ఆ పేరు విని షాపు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు, ఇక్కడ ఇంకా ఏవో కొలుములు మండుతుంటాయని అనుకుంటారు. మా దగ్గరున్నది ఒక లేత్, రెండు వైసులు, గ్యాస్ బర్నరు, ఒక ట్యూబులైటు, ఆకురాళ్లు.

సంచిలోంచి తీయగానే మొదట చేసేది మడత విప్పి రెండు గొట్టాల్లోకి చూడటం. "ఖాళీగనే ఉంది బిడ్డా" అన్నాడాయన. అందరూ అదే అంటారు. ఇన్నేళ్లలో రెండుసార్లు ఆ మాట అబద్ధమైంది. ఒకసారి వరంగల్ నుంచి బస్సులో వచ్చినాయన మా బల్ల మీద పెట్టిన తుపాకిలో ఎడమ గొట్టం నిండుగా ఉంది. తూటా తీసి చేతిలో పెడితే ఆయన బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు. బస్సులో అది ఒళ్లో పెట్టుకుని నిద్రపోయాడట. అందుకే ఎవరేమన్నా ముందు చూస్తాను, తర్వాతే నమస్కారం.

పెద్దాయనది పన్నెండు బోరు, బర్మింగ్‌హామ్‌లో చేసినది, పక్కపక్కన రెండు గొట్టాలు. బోరు లెక్క మన దగ్గర చాలామందికి తెలియదు: ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే అందులో ఒక గుండు పట్టే వెడల్పు, అంటే దాదాపు 18.5 మిల్లీమీటర్లు. లోపలి యంత్రం 1875లో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు పేటెంటు తీసుకున్న బాక్స్‌లాక్ పద్ధతి. తాతగారు కొన్నది. 2019 చివర్లో చట్టం మారి ఒక్కొక్కరికి మూడు బదులు రెండే అన్నప్పుడు ఆయన రైఫిలు వదులుకుని దీన్ని ఉంచుకున్నాడు. "రైఫిలు నేను కొన్నది. ఇది తాత ఇచ్చింది" అన్నాడు.

లైసెన్సు నంబరు, తుపాకి నంబరు సరిచూసి రిజిస్టర్లో రాసుకున్నాక గొట్టాలు విడదీశాను. కింద కొక్కెం దగ్గర వేలికి వేలాడదీసి, చెక్క స్క్రూడ్రైవర్ పిడితో తట్టాను. బాగున్న గొట్టాలైతే కంచు గంటలా మోగుతాయి, ఆ మోత కాసేపు నిలుస్తుంది. ఇవి పగిలిన కుండలా ‘టప్’మని ఊరుకున్నాయి.

అక్కడే నాకు అర్థమైపోయింది. రెండు గొట్టాల మధ్య పైనొకటి, కిందొకటి పట్టీలుంటాయి. వాటిని రిబ్ అంటాం. ఈ పాత ఇంగ్లీషు తుపాకుల్లో రిబ్‌ని తగరం, సీసం కలిపిన మెత్తని మాటుతో అతికిస్తారు. ఎప్పుడో ఎవరో ఈ తుపాకిని కాస్టిక్ ఉప్పుల వేడి తొట్టిలో ముంచి నల్లరంగు ఎక్కించారు. కొత్త రైఫిళ్లకు, రివాల్వర్లకు ఆ పద్ధతి బ్రహ్మాండం, అరగంటలో నిగనిగలాడతాయి. జోడు గొట్టాలకి మాత్రం అది విషం. ఆ వేడికి మాటు కరగదు గానీ కాస్టిక్ దాన్ని తినేస్తుంది, రిబ్ కిందికి దూరిన ఉప్పు బయటికి రాదు. పైన రంగు నిగనిగ, లోపల ఏళ్ల తరబడి తుప్పు.

"రంగు పని కాదు పటేలా, రిబ్ లేచింది. మొత్తం విప్పి మళ్లీ మాటెయ్యాలె" అన్నాను. ఆయన వేలితో తడిమి చూశాడు. "ఏడ లేచింది? మంచిగనే ఉన్నది గదా." మనవడు ఫోన్‌లోంచి తలెత్తి, "యూట్యూబ్‌లో గంటలో చేస్తున్నారు అంకుల్" అన్నాడు.

వద్దని చెప్పాల్సింది. ఈ పనికొచ్చిన కొత్తలో అయితే నోరు తెరిచే ధైర్యం లేక ఒప్పుకునేవాణ్ణి, ఇప్పుడు గర్వం వల్ల ఒప్పుకున్నాను.

నేను ఐటీఐలో ఫిట్టర్ చదివి 1998లో ఒక ఉస్తాద్ దగ్గర చేరాను. ఆయనకిప్పుడు ఎనభైకి దగ్గర, కంట్లో శుక్లాలు, పాతబస్తీలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. శుక్రవారం నమాజయ్యాక ఒక్కోసారి ఆటోలో వచ్చి కూర్చుంటాడు. మా పనిలో మూడు పాపాలున్నాయనేవాడు: లేచిన రిబ్, పాడైన కమానీ (స్ప్రింగ్), ఇంకొకడు చేసిన మరమ్మతు. మొదటి రెండింటికీ చెయ్యి కావాలి, మూడోదానికి సబర్, అంటే ఓపిక, కావాలి అనేవాడు. ఈ తుపాకిలో మూడూ ఉన్నాయి. అది నాకు లోపల తెరిచేదాకా తెలియలేదు.

స్క్రూల సంగతి చెప్తే బయటివాళ్లు నవ్వుతారు. తొమ్మిది స్క్రూలు విప్పడానికి నాకు ఐదు రోజులు పట్టింది.

ఈ తుపాకుల స్క్రూ తలమీది గాడి మామూలు గాడి కాదు. సన్నగా, దాదాపు బ్లేడు దూరేంత వెడల్పుతో, చేత్తో కోసి ఉంటుంది. బజార్లో దొరికే స్క్రూడ్రైవర్ కొన చీలికలా ఉంటుంది, అడుగున పట్టు దొరకదు, తిప్పగానే పైకి జారి గాడి అంచులు చెక్కేస్తుంది. పైగా వాటి తలలమీద సన్నని లతల చెక్కడం. అన్నీ బిగించాక గాళ్లన్నీ తుపాకి పొడవునా ఒకే వరసలో ఉండాలి, అది పనివాడి సంతకం లాంటిది. పెద్దాయన తుపాకిలో మూడు గాళ్లు అప్పటికే కుక్క కరిచినట్టున్నాయి. ఎవరో ఉలి పెట్టి సుత్తితో కొట్టి తిప్పారు.

ఉస్తాద్ దగ్గర డాల్డా డబ్బా నిండా స్క్రూడ్రైవర్లుండేవి, నలభైకి పైగా. ఏదీ రెండో తుపాకికి పనికొచ్చేది కాదు. ప్రతి స్క్రూకీ దాని గాడికి సరిగ్గా సరిపోయేలా కొన ఆకురాయితో అరగదీసేవాడు. నేనప్పుడు కుర్రాణ్ణి, టైమ్ వేస్ట్ అనుకునేవాణ్ణి. ఇప్పుడు నా దగ్గరా అలాంటి డబ్బా ఉంది.

ఎనిమిది వచ్చాయి. నూనె వేసి రాత్రంతా నానబెట్టడం, సోల్డరింగ్ ఐరన్ మొన తలమీద ఆనించి వేడెక్కించడం, చల్లారాక మళ్లీ నూనె, ఇత్తడి కడ్డీతో చిన్నగా తట్టడం, పావు చుట్టు బిగించే వైపు తిప్పి తర్వాత విప్పే వైపు తిప్పడం. తొమ్మిదోది, పై మీట కిందుగా దాక్కుని కర్ర లోంచి అడుగుదాకా పోయే పొడుగు స్క్రూ, రానన్నది. దానికి చేరాలంటే ఒక చేత్తో మీటని పక్కకి లాగి పట్టుకోవాలి, రెండో చేత్తో స్క్రూడ్రైవర్ నిలువుగా పట్టాలి, నొక్కడానికి మూడో చెయ్యి కావాలి. బోరు మెషీన్‌లో స్క్రూడ్రైవర్ కొన బిగించి, మోటరు ఆపేసి, మెషీన్ పిడితో కిందికి నొక్కి పట్టుకుని, చక్‌ని చేత్తో తిప్పాను. మొదటి రోజు కదల్లేదు. రెండో రోజు సాయంత్రం కటక్‌మంది. అది స్క్రూ కదిలిన చప్పుడో విరిగిన చప్పుడో తెలియక చెయ్యి తీయకుండా అలాగే ఓ నిమిషం నిలబడ్డాను. కదిలింది. ఆ రోజు ఇంకే పనీ చేయలేదు, టీ తాగి ఇంటికెళ్లిపోయాను.

పాడైన మూడింటికీ కొత్తవి చేయక తప్పలేదు. 1980ల నడుమ నుంచి మామూలు మనుషులకి విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. ఈ పాతవాటి విడిభాగాలు ఏ దుకాణంలోనూ దొరకవు. ఏది పోయినా లేత్ మీద పుట్టాల్సిందే. స్క్రూ తిప్పడం తేలికే, గాడి వరసే తలనొప్పి. తల కాస్త ఎత్తుగా ఉంచి, పూర్తిగా బిగించి, గాడి ఎక్కడ రావాలో గీత గీసి, విప్పి, గాడి కోసి, మళ్లీ బిగించి, తలని చుట్టూ ఉన్న లోహంతో సమంగా అరగదీయాలి. అరగదీశాక మళ్లీ బిగిస్తే వెంట్రుకవాసి ముందుకు పోతుంది. రెండు సరిగ్గా వచ్చాయి. మూడోది ఒక వెంట్రుక దాటింది. అది ట్రిగ్గర్ గార్డు కింద ఉంటుంది, తిరగేసి చూస్తే గానీ కనిపించదు. నాకు కనిపిస్తుంది.

లోపల తెరిచాక మూడో పాపం బయటపడింది. పెద్దాయన ఆ రోజు పోతూ పోతూ, "ఎడమది ఒక్కోసారి పేలది, గది గూడ సూడు" అన్నాడు. ఎడమ వైపు మెయిన్ స్ప్రింగ్ బలం తగ్గింది. ఏళ్ల కిందట ఎవరో కొత్త స్ప్రింగ్ చేయకుండా దాని కింద హాక్సా బ్లేడు ముక్క విరిచి దూర్చారు. కొన్నాళ్లు పేలి ఉంటుంది. తర్వాత ఆ ముక్క జరిగి, ఉక్కు గోడకి గాడి పెట్టి, స్ప్రింగ్‌నే ఒకవైపు అరగదీసింది. ఆ పనివాణ్ణి నేను తిట్టలేదని చెప్తే అబద్ధం. కానీ ఆయనకి ఎంత కూలి ఇచ్చారో, ఎన్ని గంటల్లో కావాలన్నారో నాకేం తెలుసు. వేటకి జీపు బయట ఆగి ఉందేమో.

ఈ స్ప్రింగ్ చుట్టలు చుట్టుకున్నది కాదు, రెండు కాళ్ల వి ఆకారం. స్ప్రింగ్ ఉక్కు పట్టీని ఆకురాయితో దిద్ది, కొనకి పోనుపోను పలచబడేలా చేసి, ఎర్రగా కాల్చి మడవాలి. మళ్లీ కాల్చి నూనెలో ముంచితే గాజులా గట్టిపడుతుంది, చేయి జారితే పగిలిపోతుంది. అప్పుడు నూనె పూసి నిప్పంటించి, ఆ నూనె మంట తనంతట తాను ఆరేదాకా కాలనివ్వాలి. అప్పుడు గట్టిదనం దిగి సాగే గుణం వస్తుంది. ఎంత కాలాలో పుస్తకంలో చదివితే రాదు. అడ్డంగా ఒక్క ఆకురాయి గీత మిగిలినా అక్కడే విరుగుతుంది. మొదటిది బిగింపులో పెట్టి నొక్కుతుంటే ఠప్‌మని విరిగి, సగం ట్యూబులైటు ఫ్రేముకి తగిలి కింద పడింది. కళ్లజోడు పెట్టుకునే ఉన్నాను లెండి. రెండోది విరగలేదు గానీ మెత్తబడి ముడుచుకునే ఉండిపోయింది. మూడోది నిలిచింది. డమ్మీ తూటాలు పెట్టి రెండు వందల సార్లు ఆడించాను. లెక్క రాసుకున్నాను కూడా, ఎందుకంటే నూట ఎనభై దగ్గర విరిగిన స్ప్రింగ్ ఒకటి నా జీవితంలో ఉంది.

ఇంతలో జూలై వచ్చింది. మధ్యలో ఒక కుర్రాడు స్వీట్ షాపు కవర్లో పాయింట్ 22 రైఫిలు బోల్టు ముక్కలు పోసుకుని తెచ్చాడు. వీడియో చూసి క్లీనింగ్‌కి విప్పాడట, మళ్లీ బిగించడం రెండో భాగంలో ఉందట, ఆ రెండో భాగం దొరకలేదట. కవర్లో ఏడు ముక్కలు, ఒక బూందీ పలుకు. ఒక బుల్లి స్ప్రింగ్ లేదు. సోఫా కింద చూడమన్నాను. చూశాడు, దొరికింది. ఇలాంటివి నాకసలు కోపం తెప్పించవు, ఇది మంచి పని. ముక్కలన్నీ ఉంటే ఇరవై నిమిషాలు.

ఇక రిబ్.

పాత మాటు కరిగించి రెండు పట్టీలూ లేపితే లోపలి దృశ్యం నేననుకున్నదానికంటే ఘోరంగా ఉంది. గొట్టాల నడుమ లోయలాంటి చోట ఎర్రటి తుప్పు పొలుసులు, తెల్లటి ఉప్పు గడ్డలు. చిన్న స్క్రేపర్లతో, వైరు బ్రష్‌తో గోకితే తుప్పు గుంటలు తేలాయి. ఇక్కడ ఆగి గొట్టం గోడ మందం కొలవాలి. ఈ తుపాకుల్లో పలుచని చోట గోడ అర మిల్లీమీటరు పైచిలుకే ఉంటుంది, లోపల పేలేది తుపాకి మందు. గుంట లోతుగా ఉంటే అక్కడితో పని ఆపేసి, గోడకి తగిలించుకోండని చెప్పి పంపేయాలి. అలా చెప్పడమూ ఈ వృత్తిలో అందరూ భయపడే పనే. తాత తుపాకిని ఇక పేల్చొద్దని మనవడికి చెప్పడం. అదృష్టం, వీటిలో గుంటలు పైపైనే ఉన్నాయి.

గొట్టాలకీ, రిబ్ అంచులకీ కళాయి పూయాలి. మన ఇత్తడి గిన్నెలకి పూసే కళాయే, కాకపోతే ఇక్కడ సమంగా, పలుచగా, ఒక్క బొట్టు ఎక్కువ కాకుండా. తర్వాత రిబ్‌ని చోట్లో కూర్చోబెట్టి, రెండంగుళాలకొకటి చొప్పున ఇనప తీగ చుట్టి, తీగకీ రిబ్‌కీ మధ్య మేకు ముక్కలు చీలల్లా దూర్చి బిగించాలి. 30 అంగుళాల పొడవునా. అప్పుడు గొట్టాల లోపల ఎర్రగా కాల్చిన రాగి కడ్డీలు దూర్చి, బయట నుంచి మంట చూపిస్తూ, రోజిన్ (మాటు పట్టడానికి వేసే చెట్టు బంక) వేస్తూ, మాటు పారించాలి. వేడి చాలకపోతే మాటు పైన ముత్యంలా కూర్చుంటుంది, లోపలికి పాకదు. ఎక్కువైతే రోజిన్ మాడి నల్లబడుతుంది, ఆ చోట ఇక అతకదు. ఇక్కడ పట్టుకుంటే అక్కడ విడిపోతుంది. ఉక్కు వేడికి సాగుతుంది కదా, గొట్టాలు ఒక తీరుగా, రిబ్ ఒక తీరుగా సాగి, మధ్యలో రిబ్ విల్లులా లేస్తుంది. మొదటిసారి సరిగ్గా అదే అయింది. మొత్తం మళ్లీ విప్పి, గోకి, కళాయి పూసి. రెండోసారి మా ఆవిడ మేనల్లుణ్ణి పిలిపించి కడ్డీలు అందించమన్నాను. మేమిద్దరం నలభై నిమిషాలు ఒక్క మాట మాట్లాడుకోలేదు.

చల్లారాక తీగలు విప్పి, వేలికి వేలాడదీసి తట్టాను. మోగింది. మేనల్లుడు "అబ్బ!" అన్నాడు. ఆ శుక్రవారం ఉస్తాద్ వచ్చాడు. కళ్లు కనిపించవు, చెవి దగ్గర పట్టుకుని గోటితో తట్టాడు. "అబ్ బోల్‌రీ" అన్నాడు. ఇప్పుడు మాట్లాడుతోంది అని. ఇంకోసారి తట్టి, "ఉబాల్‌కే దేఖే క్యా?" అని అడిగాడు. మరిగే నీళ్లలో ముంచి చూశావా అని.

చూడలేదు. రిబ్ కింద చిక్కుకున్న గాలి, ఎక్కడైనా సూదిమొనంత సందున్నా మరిగే నీళ్లలో బుడగలై బయటికొస్తుంది. అది ఆయన పెట్టిన నియమం, పాతికేళ్ల కింద నాకు మొట్టికాయ వేసి నేర్పింది. మోత బాగుంది కదా అని నేను ఊరుకున్నాను. "చూస్తా ఉస్తాద్" అని అప్పటికి తప్పించుకుని, చూడకుండానే రంగు పని మొదలుపెట్టాను. ఈ నాలుగు నెలల్లో ఎవరినీ తిట్టడానికి వీల్లేని తప్పు ఇదొక్కటే.

జోడు గొట్టాలకి వేసే నల్లరంగు నిజానికి తుప్పే. ముందు సున్నపు ముద్దతో రుద్ది జిడ్డంతా పోగొట్టాలి. నీళ్లు పోస్తే ఎక్కడా విరగకుండా పల్చటి పొరలా పారాలి, ఒక చోట నీరు పాయలుగా చీలిందంటే అక్కడ జిడ్డున్నట్టే. రంధ్రాలకి చెక్క బిరడాలు కొట్టి, ఇక ఆ బిరడాలు పట్టుకునే తిప్పాలి, ఉత్త చెయ్యి తగలకూడదు. పల్చగా ఆమ్లపు ద్రావణం రాసి, తేమగా ఉండే పెట్టెలో వేలాడదీస్తే కొన్ని గంటల్లో నారింజ రంగు తుప్పు మఖమల్లులా మొలుస్తుంది. దాన్ని నీళ్లలో మరిగిస్తే ఎర్ర తుప్పు నల్ల తుప్పుగా మారుతుంది. ఆరాక సన్నని స్టీల్ ఉన్నితో మెల్లగా తోమితే పైపొర రాలి, లోపల బూడిద రంగు మిగులుతుంది. మళ్లీ రాయాలి, మళ్లీ మొలిపించాలి, మరిగించాలి, తోమాలి. బూడిద గోధుమ నలుపవుతుంది, నలుపు నీలి నలుపవుతుంది. ఎనిమిది, తొమ్మిది సార్లు.

హైదరాబాద్‌లో మే నెలలో ఈ పని చేయలేం. గాలి పొడి, తుప్పు మచ్చలు మచ్చలుగా మొలుస్తుంది. వానాకాలమే దీనికి సీజను. ఆ జూలై ఆఖరి వారం తెలంగాణలో వాన ఎలా కురిసిందో గుర్తున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ములుగు, భూపాలపల్లి వైపు ఊళ్లు మునిగాయి. టీవీలో అవి చూస్తూ, మేడ మీద డ్రమ్ముల్లో వాన నీళ్లు పట్టుకుంటూ, నా తుప్పు బాగా మొలుస్తోందని సంతోషపడినందుకు నాకే సిగ్గనిపించింది. కానీ వాన నీళ్లు కావాలి. మా బోరు నీళ్లలో మరిగిస్తే గొట్టాలమీద తెల్లటి ఉప్పు చారలు దిగుతాయి.

మూడో పూత తోముతుంటే రిబ్ అంచున, చివరి నుంచి ఒక జానెడు లోపల, కన్నీటి చారలాంటి గోధుమ రంగు గీత కనిపించింది. తుడిచాను. నాలుగో పూత మరిగించి తీశాను, మళ్లీ అక్కడే. తొట్టి మీదికి వంగి చూశాను. సన్నటి బుడగలు, ఒకదాని వెనక ఒకటి, పూసలు గుచ్చినట్టు పైకి వస్తున్నాయి. సందు లోపల మిగిలిన రోజిన్ జిడ్డు మరిగినప్పుడల్లా బయటికి కారుతోంది. బర్నర్ ఆపేసి, షట్టర్ సగం దించి, స్టూల్ మీద కూర్చున్నాను. ఆ జానెడు మేర మళ్లీ మాటు పారించాలి. ఆ వేడికి నాలుగు పూతల రంగూ చెడుతుంది. అంటే గొట్టాలు మళ్లీ తెల్లగా తోమి, మొదటి నుంచి.

ఉస్తాద్‌కి ఫోన్ చేసి చెప్పాను. అవతల కాసేపు ఏం వినపడలేదు. తర్వాత నవ్వాడు. "మైఁ భీ ఏక్ బార్ నై ఉబాల్యా థా బేటా" అన్నాడు. నేనూ ఒకసారి మరిగించలేదు బేటా అని. ఇరవై అయిదేళ్లలో ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

ఆగస్టంతా దానికే పోయింది. ఈసారి ముందు మరిగించాను, ఒక్క బుడగ రాలేదు, అరగంట చూస్తూనే కూర్చున్నాను. తొమ్మిది పూతలు. ఏడో పూత దగ్గర కరెంటు పోయి తేమ పెట్టెలో బల్బు ఆరిపోయింది, ఒక రోజు వృథా, అంతే.

కుందా, అంటే భుజానికి ఆనే వెనక చెక్క, దాని సంగతి పొడిగించను. అది అక్రోటు కర్ర. యాక్షన్ (గొట్టాలు వచ్చి మూసుకునే ఉక్కు భాగం) ఆనే చోట వెంట్రుకవాసి పగులు, చుట్టూ దశాబ్దాల నూనె పీల్చుకుని నల్లబడ్డ చెక్క. తుపాకిని మూతి పైకి పెట్టి గోడకి నిలబెడితే నూనె అంతా కిందికి దిగి కుందా తలలో చేరుతుంది. నూనె తాగిన చెక్కకి ఏ జిగురూ పట్టదు. ఎసిటోన్‌లో సుద్దపొడి కలిపి పట్టు వేసి, ఆరబెట్టి, రాల్చి, మళ్లీ వేసి, పదకొండు సార్లు. మొదటి పట్లు బెల్లం పాకం రంగులో దిగాయి. మీ ఇంట్లో తుపాకి ఉంటే నూనె తక్కువ రాయండి, మూతి కిందికి పెట్టి నిలబెట్టండి. దీనికి వేరే మందు లేదు.

సెప్టెంబరు ఆఖరుకి బిగించాను. గొట్టాలు మూసి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే యాక్షన్‌కీ గొట్టాలకీ మధ్య సన్నటి గీత కూడా కనిపించలేదు. గొట్టాల అడుగున 2½ అని ముద్ర ఉంది, అంటే అందులో పెట్టాల్సిన తూటా పొడవు అన్ని అంగుళాలు. ఇప్పుడు బజార్లో వచ్చే 2¾ అంగుళాల తూటా అందులో చక్కగా దూరుతుంది. పేలాక మూతి విచ్చుకోడానికి చోటుండదు, ఒత్తిడి పెరుగుతుంది. ఆ సంగతి కాగితం మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసి సంచి లోపల కుట్టించాను.

పెద్దాయన వచ్చి చూసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు, భుజానికి ఆనించాడు. గొట్టాలు విడదీసి ఆయన వేలికే వేలాడదీసి తట్టించాను. గంటలా మోగింది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. "నలుపు మంచిగొచ్చింది" అన్నాడు. బిల్లు చూశాడు. స్క్రూలకీ, స్ప్రింగ్‌కీ, కుందాకీ వేశాను. రిబ్‌కి ఒకసారి మాటేసిన కూలే వేశాను, మిగతా రెండుసార్లూ వేయలేదు. "రంగుకింత అయితదా?" అన్నాడు. మనవడు ఆ రోజు ఫోన్ జేబులో పెట్టుకునే ఉన్నాడు. తాతకంటే ముందు పర్సు తీసి, "ఉండనీ తాతా" అన్నాడు. ఎందుకో ఆ కుర్రాడి మీద నాకు ఉన్న కోపం అప్పుడు పోయింది.

పది రోజులు తిరక్కుండా, అక్టోబరు 9న అసెంబ్లీ ఎన్నికల ప్రకటన వచ్చింది. లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో అప్పజెప్పమన్నారు. నవంబరు 30న పోలింగ్, డిసెంబరు 3న లెక్కింపు. సంక్రాంతి ముందు పెద్దాయన మళ్లీ వచ్చాడు, అదే సంచి. "ఏం లేదు బిడ్డా" అనగానే నా చేయి దానంతటదే కళ్లజోడు వెతుక్కుంది.

మడత విప్పి చూశాను, ఖాళీ. గొట్టాలు విడదీసి ట్యూబులైటు కింద తిప్పాను. కింది రిబ్ మీద, మూతి నుంచి ఆరేడు అంగుళాల లోపల, ఒక బొటనవేలి ముద్ర. గీతలతో సహా ఎర్రగా, సన్నగా తుప్పు పట్టి ఉంది. ఎవరో చెమట చేత్తో పట్టుకున్నారు, తుడవకుండా సంచిలో పెట్టారు, రెండు నెలలు అలాగే ఉంది.

"స్టేషన్ల ఎవడో ముట్టిండు" అన్నాడు పెద్దాయన.

నా బొటనవేలు దాని మీద ఆనించి చూశాను. సరిపోయింది. ఆయన వేలు కూడా పెట్టి చూశాడు, ఆయనదీ సరిపోయింది. సెప్టెంబరులో ఆ గొట్టాల్ని ఆయన వేలికి తగిలించింది నేనే, అప్పుడు చేతికి గ్లౌజు లేదు.

చుక్క నూనె వేసి, మెత్తటి గుడ్డతో ఒత్తకుండా రుద్దడం మొదలుపెట్టాను. "ఎంతసేపు పడతది?" అని అడిగాడు. కూర్చోమని టీ చెప్పాను.